మిరప అంటని చేతులు

ఈమధ్య కుర్రాళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఇంజనీరింగ్ అయిపోయినవాళ్ళు, ఉద్యోగం మానేసినవాళ్ళు, మానేద్దామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళు. అందరూ అడిగేది ఒకటే: "అంకుల్, ఏఐతో ఏ కంపెనీ పెడితే ఆడుద్ది?" సినిమా ఆడినట్టు కంపెనీ ఆడాలని వాళ్ళ కోరిక. నేను బస్సు డిపోలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలో, ఏ కండక్టరు ఏ రూటుకి పోవాలో రోజూ చార్టు వేయడం నా పని. అలాంటివాణ్ణి పట్టుకుని ఈ ప్రశ్న అడుగుతున్నారంటే, రిటైరయ్యాక ఇలాంటి కంపెనీ ఒకదాంట్లో పనిచేశానన్న సంగతి ఎలాగో బయటికి పొక్కి ఉండాలి.

ఐడియాలకేం, నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. మిర్చి యార్డుకి సరుకు పోటెత్తే రోజుల్లో బండ్లు రోడ్డు మీద బారులు తీరతాయి. ఏ రోజు బయల్దేరితే తొందరగా లోపలికి పోవచ్చో ఇంటి దగ్గరే చెప్పే యంత్రం ఒకటి కావాలి. పురుగుమందు డబ్బా మీద కంటికి ఆనని అక్షరాలుంటాయి. ఫొటో తీస్తే చాలు, ఎంత నీళ్ళలో ఎంత కలపాలో, దేనితో కలపకూడదో తెలుగులో చదివి వినిపించేది కావాలి. అమ్మడానికి తీసుకెళ్ళిన పత్తిని తేమ ఉందని తిప్పి పంపేస్తుంటారు. బండికెత్తక ముందే ఆ మాట చెప్పేది కావాలి. మన దరఖాస్తు ఏ ఆఫీసులో ఏ టేబుల్ మీద నిద్రపోతోందో చెప్పేది కూడా కావాలి. దాన్ని తయారుచేసేవాడు మాత్రం ముందు తన పేర ఇన్సూరెన్సు చేయించుకోవాలి.

ఇవన్నీ ఉచితమే, తీసుకోండి. నేను వేళాకోళానికి చెప్పడం లేదు, నాలుగూ పనికొచ్చేవే. కాకపోతే మొదలుపెట్టే ముందు ఒక మిరప కోతల జట్టు సంగతి వినండి. ఈ వయసులో నాకు ఉచితంగా ఇవ్వడానికి ఐడియాల తర్వాత మిగిలింది అదొక్కటే.

నేను పనిచేసిన ఆ కంపెనీ ఇద్దరు కలిసి పెట్టుకున్నది. అమ్మాయిది ప్రత్తిపాడు దగ్గర ఊళ్ళో రైతు కుటుంబం. కంప్యూటర్లు చదివి, బెంగళూరులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, విసుగొచ్చి తిరిగొచ్చింది. అబ్బాయిది ఒంగోలు. పెట్టుబడి పెట్టేవాళ్ళతో మాట్లాడటం, వాళ్ళు అడిగినవాటికి బొమ్మలు గీసి చూపించడం అతని వంతు. మా ఆఫీసు పురుగుమందుల కొట్టు పైన ఒక గది. మెట్లెక్కేసరికే తల దిమ్మెక్కేది, ఒక పూట గడిచాక అలవాటయ్యేది. నాకు ఆపరేషన్స్ హెడ్ అని కార్డు అచ్చు వేయించారు. ఆపరేషన్స్‌లో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి తలా నేనే, తోకా నేనే.

వాళ్ళు ఎంచుకున్న పని నాకు మొదటి రోజే నచ్చింది. చెట్టు మీద పండిన మిరపకాయ ఆగదు. కోత ఆలస్యమైతే రంగు తగ్గుతుంది. ఈలోగా వాన పడితే కాయ తెల్లబారి తాలవుతుంది, దాన్ని ఎవరూ సరైన ధరకి కొనరు. కోతల కాలంలో రైతులందరికీ ఒకేసారి మనుషులు కావాలి. పొదిలి వైపు మెట్ట ఊళ్ళ నుంచి జట్లు పిల్లాజెల్లాతో వచ్చి, ఊరి చివర పట్టాలతో గుడారాలు వేసుకుని ఆ సీజనంతా ఉంటాయి. ముందు రోజు సాయంత్రం రైతులు బండ్లేసుకుని ఆ గుడారాల చుట్టూ తిరిగి, బతిమాలి, ఒకడికి ఒప్పుకున్న జట్టుని ఇంకొకడు ఎగరేసుకుపోయి, పొద్దున్నే గట్ల మీద కొట్టుకునేవాళ్ళు. ఇలా కాకుండా రైతు ఫోన్‌లో తన మాటల్లో తను చెపితే, యంత్రం విని అర్థం చేసుకుని, ఏ జట్టు ఖాళీగా ఉందో చూసి, ట్రాక్టరు ట్రక్కుని గుడారం దగ్గరికి పంపాలి. ఇదీ ఐడియా.

అది పనిచేసింది. ఒక పెద్దాయన ఫోన్‌లో ఇలా అరిచాడు: "రేపు పొద్దుటికి పదిమంది కావాల. మొన్నొచ్చిన గయ్యాళి జట్టు మాత్రం వద్దు నాయనా, నీకు దణ్ణం పెడతా!" మొన్న ఆయన పొలానికి వెళ్ళిన జట్టేదో చూసి, దాన్ని వదిలేసి, ఇంకో జట్టుని పంపింది యంత్రం. ఉద్యోగమంతా పెన్సిలూ రబ్బరూ దగ్గర పెట్టుకుని నేను వేసిన చార్టుని అది నేను టీ తాగేలోపు వేసేసేది. నిజం చెప్పాలంటే అసూయగా ఉండేది. మొదటి ఆదివారం మాత్రం అందరికీ పొద్దున్నే డ్యూటీ వేసింది. పొదిలి జట్లలో చాలామంది చర్చికి వెళ్ళేవాళ్ళు, పాస్టరుగారి ప్రార్థన అయితేగాని ట్రక్కెక్కరు. ఆ సంగతి ఒకసారి చెప్పాం, మళ్ళీ ఆ తప్పు చేయలేదు. ఒకసారి చెపితే బుర్రకి ఎక్కించుకున్న డ్రైవర్ని నేను నా సర్వీసులో చూడలేదు.

మా జట్లన్నిటిలోకీ మంచిది పొదిలి దగ్గర ఊరికి చెందిన ఒక మేస్త్రమ్మది. మేస్త్రమ్మ అంటే జట్టుని కట్టి, రైతుతో మాట్లాడి, సాయంత్రం కూలి అందుకుని పంచేది. పదిహేనుమంది ఆడవాళ్ళు. అందరూ అత్తాకోడళ్ళు, తోడికోడళ్ళు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళలో అందరికన్నా పెద్దావిడని జట్టంతా పెద్దమ్మ అనేవాళ్ళు. వక్క నములుతూ, వచ్చేపోయేవాళ్ళని తిడుతూ, చంకలో ఎప్పుడూ ఎవరో ఒకరి పిల్లాడితో ఉండేది. ఆ జట్టు దిగితే పొలం అయిపోయిందన్నమాటే. రైతులు పోటీపడి అడిగేవాళ్ళు.

ఇంత బాగా సాగుతుంటే పెట్టుబడి పెట్టేవాళ్ళు హైదరాబాదు నుంచి ఒక ప్రశ్న వేశారట. జట్లనీ ట్రక్కుల్నీ కలపడం ఎవరైనా చేస్తారు, మీ దగ్గర మాత్రమే ఉన్నదేమిటి అని. అబ్బాయి ఆలోచించి కాటా తెచ్చాడు. అంతవరకూ సాయంత్రం రైతు తలకాయలు లెక్కపెట్టి రోజు కూలి ఇచ్చేవాడు. ఇప్పుడు గట్టు మీద కాటా కట్టి, ఎవరి గోతం వాళ్ళది తూచి, పేరుతో ఫోన్‌లోకి ఎక్కించడం మొదలైంది. ఎవరు ఎంత కోస్తారో తెలిస్తే, ఏ పొలానికి ఎంతమంది చాలో యంత్రం ముందే చెపుతుంది. అనుకున్నదానికి సగం కూడా కోయనివాళ్ళని మర్నాడు పక్కన పెట్టి, వాళ్ళ బదులు ఇంకో జట్టు మనిషిని వేస్తుంది. అబ్బాయి నాకు ఇది వివరించినప్పుడు నేను తలూపాను. చార్టు వేసేవాళ్ళెవరికైనా నచ్చే పద్ధతే.

దాన్ని నిరూపించడానికి ఒక వారం పరీక్ష పెట్టుకున్నారు. ఆ వారం మనిషి చెయ్యి పడకూడదు. నేను మేస్త్రులకి ఫోన్లు చేయకూడదు, చార్టులో వేలు పెట్టకూడదు.

"మీరు రెస్టు తీసుకోండి సార్" అన్నాడు అబ్బాయి, నా కుర్చీని కిటికీ వైపు తిప్పుతూ.

తీసుకున్నాను. కిటికీలోంచి రోడ్డు చూస్తూ, మధ్యమధ్య కంప్యూటరు తెర వైపు తొంగిచూస్తూ కూర్చున్నాను. ఐదెకరాలు కౌలుకి చేస్తున్న ఒక రైతు మిరప కోతకి మేస్త్రమ్మ జట్టుని వేసింది యంత్రం. మొదటి రోజు అందరూ వెళ్ళారు. రెండో రోజు పెద్దమ్మ పేరు తీసేసి, వేరే జట్టు మనిషిని పెట్టింది. ఆవిడ గోతంలో కాయ అందరికన్నా తక్కువ ఉంది మరి. ఆ మర్నాడు మేస్త్రమ్మ కోడలి పేరు తీసేసింది. బాలింతైనా ఆ పిల్ల జట్టులోకెల్లా చురుకైన చెయ్యి, కానీ ముందు రోజు ఆమె గోతం ఖాళీ. తర్వాత ఇంకొక బాలింత. చురుకైనవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు సోమరులవుతున్నారేమిటా అనిపించింది. ఎండ దెబ్బేమో అనుకున్నాను. తెర మీద మాత్రం అన్నీ పచ్చగా వెలుగుతున్నాయి.

ఆకాశం మబ్బు పట్టింది. కౌలు రైతు నాకే ఫోన్ చేశాడు.

"ఏందండీ కంట్రోలర్ గారూ ఇది? రోజుకో కొత్త మొహాన్ని తోలతన్నారు. కొత్తవాళ్ళకీ పాతవాళ్ళకీ పడట్లేదు. కోసేది తక్కువ, అరుచుకునేది ఎక్కువ. పైన మబ్బు చూశారా? ఇంకా పావు చేను ఎర్రగా అట్టానే ఉంది. వాన పడితే నా బతుకు తాలే!"

ఆయనకి ఏదో సర్దిచెప్పి పెట్టేశానో లేదో, ట్రక్కు డ్రైవరు ఫోన్. మేస్త్రమ్మ జట్టు ఎక్కడం లేదట, గుడారాలు విప్పుతున్నారట.

అబ్బాయి తల పట్టుకున్నాడు. "ఇంకా వారం అవలేదు సార్. ఇప్పుడు మనం వెళ్ళి కలగజేసుకుంటే పరీక్ష పోయినట్టే."

"జట్టే పోతుంటే ఇంకా పరీక్ష ఎవరికిరా?" అంది అమ్మాయి. వాళ్ళిద్దరూ చదువుకునే రోజుల నుంచి స్నేహితులు, ఒకరినొకరు అలాగే పిలుచుకునేవాళ్ళు. స్కూటీ తాళం తీసుకుని నా వైపు చూసింది. "బాబాయ్, వెనక కూర్చోగలరా?"

మేం వెళ్ళేసరికి మేస్త్రమ్మ నీలం పట్టాని మడతపెడుతోంది. వంటగిన్నెలు గోతంలో మూటకట్టి ఉన్నాయి. పెద్దమ్మ చుట్టిన చాప మీద కూర్చుని, ఒక పిల్లాణ్ణి ఒళ్ళో, ఇంకొకణ్ణి వీపున వేసుకుని ఉంది. మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది.

"ఏమ్మా, ఎక్కడికి ప్రయాణం?" అన్నాను.

"ఊరికయ్యా. పిల్లల తల్లులు మీకు పనికిరాకపోతే ఇంక జట్టుతో పనేముంది?"

"ఎవరన్నారు పనికిరారని?" అంది అమ్మాయి.

"మీరే గదమ్మా! ముందు పెద్దమ్మని తీశారు. తర్వాత నా కోడల్ని తీశారు. నిన్న ఇంకో బాలింతని. రేపు ఎవర్ని తీస్తారో చూస్తా కూర్చోమంటారా?"

"వాళ్ళు కాయ కోయట్లేదు కదక్కా. గోతాలు ఖాళీగా ఉంటున్నాయి."

మేస్త్రమ్మ పట్టా కింద పడేసింది. రెండు చేతులూ చాచి అమ్మాయి మొహం ముందు పెట్టింది. గోళ్ళ చుట్టూ చర్మం ఎర్రగా, పొట్టు లేచి ఉంది.

"ఈ చేతుల్తో బిడ్డనెత్తుకోమ్మా, చూద్దాం!"

అప్పుడు చెప్పింది. పొద్దుటి నుంచి కాయ కోసిన చేతిలో ఘాటు నీళ్ళతో కడిగితే పోదు, నూనె రాసినా పోదు. ఆ చేత్తో బిడ్డ బుగ్గ తాకితే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. కంట్లో పడితే ఇంక చెప్పక్కర్లేదు. పాలివ్వాలంటే తల్లి గట్టు మీద కూర్చుని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటుంది. వేరే ఆవిడ పైట సర్ది, బిడ్డని రొమ్ముకి పట్టిస్తుంది. నీళ్ళు తాగించాలన్నా, ఎవరి కంట్లోనైనా నలుసు పడితే తీయాలన్నా ఆవిడే. అందుకని ప్రతి జట్టులోనూ ఒకరు కాయ ముట్టరు. వాళ్ళ చేతులకి మిరప అంటకూడదు. కూలి మాత్రం అందరితో సమానం. ఈ జట్టులో అది పెద్దమ్మ పని. పాలు తాగే పిల్లల్ని గుడారంలో వదలలేరు, పెద్దమ్మనేమో పేరు లేదని ట్రక్కు ఎక్కించుకోవడం లేదు. దాంతో రోజుకొకరు ఆవిడ బదులు చేతులు శుభ్రంగా పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. అలా కూర్చున్నవాళ్ళని యంత్రం మర్నాడు తీసేస్తూ వచ్చింది.

"అయితే మొన్నటిదాకా పెద్దమ్మ గోతంలో కొంత కాయ ఎట్లా వచ్చింది?" అన్నాను.

పెద్దమ్మ అప్పటిదాకా ఆపుకున్నది ఒక్కసారిగా అందుకుంది. "ఎట్టా వచ్చిద్ది? మీరు కాటా తెచ్చిన రోజు ఖాళీ గోతం తూయిస్తే బాగోదని తలా రెండు గుప్పెళ్ళు నాకేశారు. వద్దే పిల్లల్లారా అన్నా. ఇన్నారా? ఏమీ లేకపోతే ఇదేందని మీరన్నా అడిగేవాళ్ళు. ఆ నాలుగు కాయలు చూసి ముసల్ది కోయలేదనుకున్నారు. నేను వయసులో ఉన్నప్పుడు నా సాలు పక్కన నిలబడి కోసినోళ్ళు లేరు, తెలుసా?" అని, గొంతు తగ్గించి అంది: "సీజను మధ్యలో నన్నెవరు చేర్చుకుంటారు? జట్టు లేకపోతే నాకు తిండి లేదయ్యా."

అమ్మాయి మొహం చిన్నబోయింది. "ఒక్క మాట మాకు చెప్పి ఉంటే..."

"చెప్పాం గదమ్మా" అంది మేస్త్రమ్మ. "మీ ఫోన్‌కి రోజూ చెప్పా. మీ మాట నమోదైంది, ధన్యవాదాలు అంది. నమోదైందంటే మీకు తెలిసే చేస్తన్నారనుకున్నాం."

నాకు మా డిపోలో స్పేర్ డ్రైవరు గుర్తొచ్చాడు. పొద్దుటి డ్యూటీకి వచ్చి, ఎవరూ మానకపోతే బెంచీ మీద కూర్చుని పేపరు చదివి వెళ్ళిపోయేవాడు. పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు ప్రతిసారీ అతన్నే వేలెత్తి చూపేవాళ్ళు. అతను లేని రోజున ఎన్ని బస్సులు కదలవో చెప్పి చెప్పి నా నోరు పడిపోయేది. ఆ వారం తెర ముందు కూర్చున్నప్పుడు మాత్రం స్పేర్ అన్న మాట నాకు తట్టనేలేదు. అమ్మాయి సంగతీ అంతే. మిరప చేల మధ్యే పుట్టి పెరిగింది, కానీ ఆమె చూసిందంతా ఇంటి అరుగు మీద నుంచి.

అమ్మాయి అక్కడే నిలబడి అబ్బాయికి ఫోన్ చేసి, పరీక్ష అయిపోయిందని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. పెద్దమ్మతో సహా అందరినీ ట్రక్కెక్కమని బతిమాలింది. ఆ బతిమాలడం మునుపు రైతులు గుడారాల దగ్గర చేసేదానికి ఏమీ తీసిపోలేదు. చివరికి ఎక్కారు. మడతపెట్టిన పట్టాల్ని మాత్రం విప్పలేదు, సాయంత్రం చూద్దాంలే అంది మేస్త్రమ్మ.

పొలంలో అమ్మాయి కూడా కోతకి దిగింది. చున్నీ తలకి చుట్టుకుని ఒక సాలు పట్టింది. ఎవరూ దిగమనలేదు, వద్దనీ అనలేదు. కాసేపటికి చెమట కళ్ళలోకి దిగితే మోచేత్తో కాకుండా అలవాటు కొద్దీ వేళ్ళతో తుడుచుకుంది. తర్వాత ఆ పిల్ల వేసిన కేక గట్టు మీదున్న నాకు వినిపించింది. కోస్తున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు, కానీ ఒక్కరూ ఆమెను ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు. అందరూ ఒకే మాట అరిచారు: "పెద్దమ్మోయ్!"

పెద్దమ్మ చంకలోని పిల్లాణ్ణి నా ఒళ్ళో పడేసి పరుగులాంటి నడకతో వెళ్ళింది. అమ్మాయిని కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, కళ్ళు విప్పి, చెంబుతో నీళ్ళు పోసి పోసి కడిగింది. తన కొంగు తడిపి కళ్ళ మీద వేసింది. "నలపమాక. నలిపావంటే చేతులు కట్టేస్తా" అని తిడుతూనే ఉంది. అమ్మాయి తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. మొహం ఆవిడ చేతుల్లో పెట్టి అలాగే కూర్చుంది. నా ఒళ్ళో పిల్లాడు కళ్ళజోడు లాగుతుంటే దాన్ని కాపాడుకుంటూ నేను చూస్తున్నాను.

మధ్యాహ్నం, ఎర్రబడ్డ కళ్ళతోనే, అమ్మాయి ఫోన్ తీసి ఏదో మార్చింది. జట్టు పేర్ల పక్కన కొత్తగా ఒక వరస పెట్టింది: పిల్లల్ని చూసేవారు, ఒకరు, కూలి అందరితో సమానం. నాకు చూపించి, "ఇప్పుడు కరెక్టుగా ఉంది కదా బాబాయ్?" అంది. ఉందనే నేనూ అన్నాను.

సాయంత్రానికి చేను అయిపోయింది. కౌలు రైతు ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. ఉత్సాహంగానే వచ్చాడు. ఆ వరస దగ్గర ఆగాడు.

"ఇదేందమ్మా? పిల్లల్ని చూసినందుకు నేను కూలియ్యాలా?"

"ఇన్నాళ్ళూ ఇస్తూనే ఉన్నారు కదండీ! ఒకరు గట్టు మీద కూర్చునేది మీకు తెలీదా?"

"తెలీకేం? మా నాన్న కాలం నుంచి తెలుసు. తలకాయలు లెక్కెట్టేటప్పుడు చూసీ చూడనట్టు పోతా. జట్టు సక్కంగా కోసిద్ది, నాకదే చాలు. ఇట్టా రాసి చూపిస్తే ఎట్టా ఇచ్చేది? నేను ఒప్పుకుంటే రేపు పక్క చేను ఆయన నన్ను తిడతాడు, అందరికీ అలవాటు చేశావని. మా ఇంట్లో అడిగిద్ది, గట్టు మీద కూర్చున్నదానికి కూలేందని. రాయకుండా ఉంటే ఇస్తా. రాస్తే మాత్రం ఇయ్యను!"

జట్టంతా అమ్మాయి వైపు చూస్తోంది. పెద్దమ్మ తనకేమీ పట్టనట్టు పిల్లాడికి చెంబుతో నీళ్ళు పడుతోంది, పిల్లాడు చాలని తల తిప్పేసుకున్నా పడుతూనే ఉంది. మంచికని రాసిన ఒక వరస ఆవిడ నోటి దగ్గర కూడు లాగేసేలా ఉంది.

"ఏం చేద్దాం బాబాయ్?" అంది అమ్మాయి మెల్లగా.

"నాకు తెలిసిన పద్ధతి ఒకటే. స్పేర్ అని రాసి పై ఆఫీసుతో పోట్లాడటం. ఇక్కడ పై ఆఫీసు ఎవరో నాకు తెలీదమ్మా" అన్నాను. అంతకన్నా పనికొచ్చే సలహా నా దగ్గర లేదు.

అమ్మాయి గట్టు మీద కూర్చుంది. కళ్ళు మండుతుంటే రెప్పలు టపటపలాడిస్తూ చాలాసేపు ఫోన్‌తో కుస్తీపట్టింది. కొత్తగా పెట్టిన వరస తీసేసింది. ఆ తర్వాత పేర్లు కూడా తీసేసింది. ఎవరు ఎంత కోశారన్న లెక్క మొత్తం తీసేసింది. కాటాని విప్పి ట్రక్కులో పడేయమని డ్రైవరుకి చెప్పింది.

"ఇక మీదట జట్టంటే జట్టేనండీ" అంది రైతుతో. "ఎవరేం చేస్తారో వాళ్ళిష్టం. మీ చేను అయిందా లేదా, అదొక్కటే మేం చూస్తాం."

"అదీ మాటంటే" అన్నాడాయన. తలకాయలు లెక్కపెట్టాడు. పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి మబ్బు ఎటు పోతోందో చూస్తూ లెక్కపెట్టాడు. లెక్క సరిగ్గానే వచ్చింది. గుడారాలు ఆ సాయంత్రమే మళ్ళీ లేచాయి. రెండో రోజు వాన పడేనాటికి ఆయన కాయంతా కల్లంలో పట్టాల కింద భద్రంగా ఉంది.

ఆఫీసులో మాత్రం వాన ముందే పడింది. అబ్బాయి అరవలేదు, అరిచినా బాగుండేది. "పేర్లవారీ లెక్క లేకపోతే ఆటో స్టాండుకీ మనకీ తేడా ఏంటో నువ్వే చెప్పు. వాళ్ళడిగితే నేనేం చెప్పాలి?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. పెట్టుబడి వస్తే పది జిల్లాలకి వెళ్ళాలని రెండేళ్ళుగా నిద్ర మానుకుని తిరిగిన కుర్రాడు.

"తేడా లేకపోతే లేదనే చెప్పు. నా కళ్ళు ఇంకా మండుతున్నాయిరా, రేపు మాట్లాడుకుందాం" అంది అమ్మాయి.

పెట్టుబడి పెట్టేవాళ్ళు మా గురించి చాలా మంచి మాటలు చెప్పి, మళ్ళీ ఫోన్ చేయలేదు. అబ్బాయి కొన్నాళ్ళకి పెద్ద కంపెనీలో చేరాడు. ఇప్పటికీ ఆ అమ్మాయి యంత్రానికి ఏదైనా జబ్బు చేస్తే అతనే వచ్చి చూసిపోతాడు. కంపెనీ పది జిల్లాలకి వెళ్ళలేదు, ప్రత్తిపాడు చుట్టుపక్కలే తిరుగుతోంది. నేను మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక మానేశాను. అది గెలిచిన కంపెనీయా ఓడిన కంపెనీయా అని మీరడిగితే, అమ్మాయినే అడగమంటాను. అమ్మాయిని అడిగితే పనుందని ఫోన్ పెట్టేస్తుంది.

ఆ సీజను చివర్లో ఒక సాయంత్రం గుడారాల దగ్గరికి వెళ్ళాం. యంత్రాన్ని మళ్ళీ మొదటి నుంచి కూర్చి తెచ్చింది అమ్మాయి. ఎవరితో మాట్లాడించి చూద్దామంటే, పెద్దమ్మ తనకిమ్మని చెయ్యి చాచింది. ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని, చెవుడున్నవాళ్ళతో మాట్లాడినట్టు అరిచింది.

"ఏమ్మే! రేపు నేను రావాలా, వద్దా?"

"రేపు మీ జట్టుకి పని ఉందండి" అంది ఫోన్.

"జట్టంటే నేనూ ఉన్నట్టా?"

"జట్టులో ఎవరుండాలో మీ జట్టే చెప్పాలండి. ఎంతమందికి బండి పంపమంటారు?"

పెద్దమ్మ చుట్టూ చూసింది. పొయ్యి దగ్గరున్నవాళ్ళని, బట్టలు ఆరేస్తున్నవాళ్ళని, దుమ్ములో దొర్లుతున్న పిల్లల్ని, అందరినీ వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో విసుగొచ్చి మానేసింది.

"పెద్ద బండే పంపు" అని ఫోన్ అమ్మాయికిచ్చేసి, చంకలోని పిల్లాడి ముక్కు తుడిచింది.